మీ పైలట్ 'వెళ్లొద్దు' అనగలగాలి: బిజినెస్ జెట్ యజమానులకు బహిరంగ లేఖ

సొంత జెట్ విమానాలున్న కంపెనీల యజమానులకు, ఆ విమానాలను వాళ్ల తరఫున చూసుకునే మేనేజ్‌మెంట్ సంస్థలకు, కంపెనీలోనే విమానాలు నడిపే విభాగం, అంటే ఫ్లైట్ డిపార్ట్‌మెంట్ బాధ్యులకు నమస్కారం.

నేను బిజినెస్ జెట్ కెప్టెన్‌ని. చాలా ఏళ్లుగా ఇదే నా పని. కంపెనీ ఉద్యోగిగా చేశాను, రోజుకి ఇంత అని మాట్లాడుకుని కాంట్రాక్ట్ మీదా చేశాను. ఉద్యోగం కోసం వచ్చినవాళ్లను ఇంటర్వ్యూ చేసే వైపు కూడా కూర్చున్నాను. మీరు పైలట్లను తీసుకునే తీరు, వాళ్లకిచ్చే జీతం, పెట్టే షరతులు చూసి చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇందులో జీతాలు పెంచమని అడుగుతాను. కానీ అంతకంటే ముందు, ఆ జీతం దేనికిస్తున్నారో మీరు మరోసారి ఆలోచించాలని కోరుతున్నాను.

జీతం మాట వచ్చిన ప్రతిసారీ ఫైనాన్స్ వాళ్లు ఒకటే లెక్క తీస్తారు. "ఎయిర్‌లైన్ పైలట్ ఏడాదికి ఎనిమిది వందల గంటలు ఎగురుతాడు. మనవాళ్లు మూడు వందలు దాటరు. వాళ్లతో సమానంగా ఎందుకివ్వాలి?" అంకెలు నిజమే. అనేక కంపెనీల్లో విమానం ఏడాదికి మూడు నాలుగు వందల గంటలే ఎగురుతుంది. కానీ ఆ లెక్క ఇంజిన్‌కి పనికొస్తుంది, మనిషికి కాదు.

ఉదయం ఏడు గంటలకు ప్రయాణం అనుకోండి. పైలట్ నాలుగున్నరకే లేస్తాడు. వాతావరణం, నోటామ్‌లు (పైలట్లకు వచ్చే అధికారిక హెచ్చరికలు), దిగబోయే రన్‌వే పొడవు, అది తడిగా ఉంటే ఎంత దూరంలో ఆగుతాం, అక్కడ దిగలేకపోతే ఎటు వెళ్లాలి, అందుకు ఎంత ఇంధనం కావాలి, ఇవన్నీ చూసుకోవాలి. ఎయిర్‌లైన్‌లో ఇందులో చాలా పని నేల మీద ఉండి ప్రయాణాన్ని ప్లాన్ చేసే డిస్పాచర్ చేసి పెడతాడు. చిన్న ఫ్లైట్ డిపార్ట్‌మెంట్‌లో డిస్పాచర్, లోడర్, కేటరింగ్ చూసేవాడు అందరూ ఆ ఇద్దరు పైలట్లే. ఏడింటికి బయల్దేరి గంటా పదిహేను నిమిషాల్లో దింపుతారు. మీరు మీటింగ్‌కి వెళ్తారు. వాళ్లు ఎయిర్‌పోర్టులో ప్రైవేటు విమానాల పని చూసే ఎఫ్‌బీవో లాంజ్‌లో కూర్చుంటారు. నాలుగింటికి తిరుగు ప్రయాణం అన్నది ఆరవుతుంది, ఆరు కాస్తా తొమ్మిదవుతుంది. "ఇంకొంచెం లేటవుతుంది, రెడీగా ఉండండి" అని మెసేజ్ వస్తుంది. రాత్రి పదిన్నరకు తిరిగొచ్చాక మీరు కారెక్కుతారు. వాళ్లు కేబిన్ శుభ్రం చేసి, టాయిలెట్ సర్వీసింగ్ చేయించి, ఇంజిన్లకు కవర్లు తొడిగి, లాగ్ రాసి ఇంటికెళ్లేసరికి అర్ధరాత్రి. లాగ్‌బుక్‌లో రెండున్నర గంటలే పడుతుంది. మీ ఫైనాన్స్ హెడ్ చూసేది ఆ రెండున్నర గంటలే.

అన్నిటికంటే ఎక్కువగా నలిగేది సెలవు రోజే. క్యాలెండర్‌లో ఖాళీగా కనిపించే రోజు నిజంగా సెలవు కాదు. ఫోన్ మోగితే రెండు గంటల్లో విమానం దగ్గర ఉండాలి. అందుకని ఊరు దాటలేం, పెళ్లికి వస్తామని మాట ఇవ్వలేం, పిల్లల స్కూల్లో కార్యక్రమం ఉంటే వెళ్తామో లేదో చెప్పలేం. ఇంట్లోవాళ్లు మమ్మల్ని అడగడం మానేస్తారు. ఎవరు పిలిచినా రానని ముందే తెలిసిపోయిన మనిషిగా బతకడం చాలా కష్టం. నేను చూసినంతలో కంపెనీ వదిలి వెళ్లిన పైలట్లలో ఎక్కువమంది మొదట చెప్పిన కారణం ఇదే. డబ్బు ఆ తర్వాతి మాట.

చట్టం మమ్మల్ని కాపాడుతుందని అనుకునే యజమానులు కూడా ఉన్నారు. అమెరికానే తీసుకోండి. ఎయిర్‌లైన్ పైలట్లకు అక్కడి విమానయాన నిబంధనల్లోని పార్ట్ 117 కింద ఏడాదికి 1,000 గంటల పరిమితి ఉంది, డ్యూటీకి ముందు కనీసం 10 గంటల విశ్రాంతి ఉంది. చార్టర్, అంటే విమానాన్ని అద్దెకు తిప్పే సంస్థలకు పార్ట్ 135 కింద వేరే పరిమితులున్నాయి. కానీ కంపెనీ తన సొంత మనుషులను తన సొంత విమానంలో తిప్పుకుంటే అది పార్ట్ 91 కిందికి వస్తుంది. అక్కడ పైలట్ ఎన్ని గంటలు డ్యూటీలో ఉండాలన్న పరిమితే లేదు. అంటే మీ పైలట్ నిద్ర మీ చేతుల్లో ఉంది. మంచి ఫ్లైట్ డిపార్ట్‌మెంట్లు తమకు తామే హద్దు రాసుకుని, దానికి కట్టుబడి ఉంటున్నాయి. అలాంటి చోట నేనూ పనిచేశాను. యజమాని స్వయంగా "పద్నాలుగు గంటలు దాటుతుందంటే హోటల్ బుక్ చేయండి, నన్ను అడగొద్దు" అన్నారు. ఆ ఒక్క మాటతో మాకెంత టెన్షన్ తీరిపోయిందో ఆయనకు తెలియకపోవచ్చు.

ఇక అసలు సంగతి. బాగున్న రోజు విమానం నడపడం మా పనిలో తేలిక భాగం. మీరు నిజంగా జీతమిచ్చేది బాగోలేని రోజు కోసం. ఆ రోజు కెప్టెన్ మీ ముఖం చూసి "ఈ రాత్రికి వెళ్లొద్దు సార్" అని చెప్పగలగాలి. ఆ మాట చెప్పడానికి అతనికి అనుభవం కావాలి, తెలివి కావాలి. వీటితో పాటు ఇంకొకటి కూడా కావాలి. ఆ మాట అన్నందుకు తన ఉద్యోగానికేమీ కాదన్న నమ్మకం. మీరు జీతం, బాండ్, కాంట్రాక్ట్, ఇంటర్వ్యూల పేరుతో చేసే ప్రతి నిర్ణయం ఆ నమ్మకాన్ని పెంచుతుంది, లేదా తుంచుతుంది.

2001 మార్చి 29న కొలరాడోలోని ఆస్పెన్‌లో జరిగింది మా వృత్తిలో అందరికీ తెలుసు. లాస్ ఏంజెలెస్ నుంచి వస్తున్న గల్ఫ్‌స్ట్రీమ్ 3 చార్టర్ విమానం అది. ప్రయాణికులు రావడం ఆలస్యమైంది, బయల్దేరడం ఆలస్యమైంది. ఆస్పెన్‌లో చీకటి పడ్డాక ఆ విమానం దిగడానికి ఆంక్ష ఉంది. అంటే గడియారంతో పోటీ పడుతూ కొండల మధ్యకి, మంచు కురుస్తున్న చోటికి వెళ్తున్నారు. వేరే ఊళ్లో దిగాల్సి రావచ్చన్న మాట చార్టర్ తీసుకున్న కస్టమర్ చెవిన పడింది. ఆయనకు అది నచ్చలేదు. ఆ అసంతృప్తి కెప్టెన్ వరకూ చేరింది. వాళ్లకంటే ముందు వెళ్లిన విమానాల్లో కొన్ని రన్‌వే కనబడక వెనుదిరిగాయి. వీళ్లు తిరగలేదు. రన్‌వేకి ముందే నేలను గుద్దుకుని అందులో ఉన్న 18 మందీ చనిపోయారు. దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ, రన్‌వే కనబడకుండానే ఉండాల్సిన ఎత్తు కంటే కిందికి దిగడం ప్రధాన కారణమని చెప్పింది. తోడైన కారణాల్లో కస్టమర్ నుంచి కెప్టెన్ మీద పడిన ఒత్తిడిని కూడా రాసింది.

ఆ కెప్టెన్‌ని నేను తప్పుపట్టలేను, సమర్థించనూ లేను. కానీ ఆ రిపోర్ట్ చదివిన ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది. ఆ సాయంత్రం అతను 'వద్దు' అంటే ఎవరికి కోపం వస్తుందో అతనికి తెలుసు. ఆ కోపాన్ని తట్టుకునే బలం అతనికి ఎవరైనా ముందే ఇచ్చి ఉండాల్సింది.

ఇప్పుడు మీ షరతుల దగ్గరికి వద్దాం. ముందు ట్రైనింగ్ బాండ్, అంటే శిక్షణ ఇప్పించాక ఇంతకాలం లోపు మానేస్తే ఆ ఖర్చు తిరిగి కట్టాలన్న ఒప్పందం. పెద్ద జెట్‌కి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి కావాల్సిన అర్హత) ఇప్పించడం చాలా ఖరీదైన పని. సిమ్యులేటర్, కోర్సు, వారాల తరబడి హోటల్ ఖర్చు. అంత పెట్టాక పైలట్ ఆరు నెలలకే ఎయిర్‌లైన్‌కి వెళ్లిపోతే కడుపు మండడం సహజం. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ కొన్ని బాండ్లు చదివితే భయమేస్తుంది. రెండేళ్లలో ఎప్పుడు మానేసినా మొత్తం కట్టాలట. ఆఖరి నెలలో మానేసినా సరే. కంపెనీ విమానాన్ని అమ్మేసి మమ్మల్ని తీసేసినా కట్టాలని రాసినవి కూడా చూశాను. పోనీ వెళ్లేవాళ్లు ఆగుతున్నారా అంటే, బాండ్ తీరిన మర్నాడే రాజీనామా పెడుతున్నారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

బాండ్ కాక్‌పిట్‌లో ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూశాను. ఒక కంపెనీలో నాతో ఎగిరిన కుర్రాడు, మంచి ఫస్ట్ ఆఫీసర్ (కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్), చేతిలో పనితనం ఉంది. చలికాలం రాత్రి బయల్దేరే ముందు విమానం చుట్టూ తిరిగి చూసొచ్చాడు. ఏమీ అనలేదు. నేను టార్చి పట్టుకుని రెండోసారి వెళ్లి ఎడమ రెక్క ముందంచు మీద వేలు పెడితే గరుగ్గా తగిలింది. పల్చటి మంచు పొర. అలా ఎగరడం ప్రమాదం. ఆ మంచు తొలగించే డీఐసింగ్ ట్రక్ వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది, లోపల ప్రయాణికులు చిరాకు పడ్డారు. పైకెళ్లి క్రూయిజ్‌లో పడ్డాక మెల్లగా అడిగాను, నీకు కనబడలేదా అని. "కనబడింది సార్. పోయిన వారం డిలే అయితే ఆఫీసులో నన్నే అడిగారు. బాండ్ ఇంకా తీరలేదు సార్" అన్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ పరిస్థితి. ఉద్యోగం పోతే జీతం ఆగడమే కాదు, అప్పు మెడకు చుట్టుకుంటుంది. అలాంటి మనిషిని మీరు డబ్బిచ్చి కుడి సీట్లో కూర్చోబెట్టింది రెండో జత కళ్ల కోసం. ఆ కళ్లు చూశాయి, నోరు మాత్రం లేవలేదు.

బాండ్ వద్దే వద్దనను. నెలనెలా తగ్గుతూ పోయేలా రాయండి. కంపెనీ తీసేస్తే, విమానం అమ్మేస్తే, బేస్ (విమానం ఉండే ఊరు) మార్చేస్తే రద్దయ్యేలా రాయండి. భద్రత కారణంగా ప్రయాణం ఆపినందుకు ఏ చర్యా ఉండదని అందులోనే ఒక వాక్యం చేర్చండి.

కాంట్రాక్ట్ పైలట్ల సంగతి ఇంకో రకం. రోజుకి ఇంత అని మాట్లాడుకుంటారు. విమానం కదిలితేనే డబ్బు, ట్రిప్ రద్దయితే సున్నా. ఇప్పుడు వాతావరణం బాగోలేదని ట్రిప్ రద్దు చేయాల్సింది ఎవరు? ఆ రోజు కూలి పోగొట్టుకోబోయే అదే పైలట్. నిజాయితీగా ఆలోచించమని రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను. ఇంటి అద్దె కట్టాల్సిన వారంలో ఉన్న మనిషి ముందు మీరు ఎలాంటి పరీక్ష పెడుతున్నారో చూడండి. ట్రిప్ ఒప్పుకున్నాక రద్దయినా ఆ రోజుకి పూర్తి డబ్బు ఇవ్వండి. ప్రయాణపు రోజులకు, హోటల్లో కూర్చున్న రోజులకు కూడా ఇవ్వండి. మీ మొత్తం ఖర్చులో అది ఎంత చిన్నదో ఒక్కసారి మీ ఇంధనం బిల్లు పక్కన పెట్టి చూసుకోండి.

ఇక ప్రకటనలు. ఎయిర్‌లైన్‌లో ఎన్నో ఏడు సర్వీసులో ఉంటే గంటకి ఎంతో అందరికీ తెలుసు, ఒప్పందం బయటే ఉంటుంది. మన దగ్గర "జీతం అనుభవాన్ని బట్టి" అన్న ఒక్క ముక్క. బేస్ ఎక్కడో ఉండదు, నెలకి ఎన్ని రోజులు బయట ఉండాలో ఉండదు, ఎన్ని రోజులు ఖాయంగా సెలవో ఉండదు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న మాత్రం "ఇప్పుడెంత వస్తోంది?" అని. తక్కువ జీతంతో మొదలైనవాడు జీవితాంతం తక్కువ మీదే ఉండిపోయే పద్ధతి అది. ఒకే విమానం, ఒకే సీటు, ఒకే బాధ్యత, ఇద్దరు కెప్టెన్లకు జీతంలో బోలెడంత తేడా ఉన్న చోట పనిచేశాను. ఒక రాత్రి హోటల్లో భోజనం చేస్తుంటే అది బయటపడింది. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్య కాక్‌పిట్‌లో అవసరమైన మాట తప్ప ఇంకో మాట లేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు, మీకూ నచ్చకూడదు.

2023 మార్చిలో అమెరికా ఎయిర్‌లైన్ డెల్టా పైలట్లు ఆమోదించిన ఒప్పందంతో నాలుగేళ్లలో వాళ్ల జీతాలు 30 శాతానికి పైగా పెరిగాయి. మిగతా పెద్ద ఎయిర్‌లైన్లూ అదే దారి పట్టాయి. మీ పైలట్లు వెళ్లిపోయింది ఆ రోజుల్లోనే. అప్పుడు హడావిడిగా బోనస్‌లు ప్రకటించారు. ఎయిర్‌లైన్ నియామకాలు నెమ్మదించగానే కొందరు వాటిని వెనక్కి తీసుకున్నారు. మనుషులు ఇవన్నీ గుర్తుపెట్టుకుంటారు. ఎయిర్‌లైన్‌లో 65 ఏళ్లకు దిగిపోయి, ఇంకా ఎగరాలన్న ప్రేమతో తక్కువకే వచ్చే పెద్దవాళ్లున్నారు. వాళ్ల అనుభవం మీద నాకు అపారమైన గౌరవం. కానీ వాళ్లకు పెన్షన్ ఉంది కాబట్టి తక్కువకు ఒప్పుకుంటారని, దాన్నే అందరికీ కొలబద్ద చేయడం న్యాయం కాదు. ఇద్దరు పిల్లల్ని చదివించాల్సిన ముప్పై అయిదేళ్ల కెప్టెన్ ఆ జీతంతో నిలబడలేడు.

గంటలు చూసి మనిషిని తీసుకోవడం గురించి కూడా చెప్పాలి. "టైప్ మీద 500 గంటలు, కరెంట్‌గా ఉండాలి" అని రాస్తారు. అంటే అదే రకం విమానం మీద 500 గంటల అనుభవం, ఈమధ్య వరకూ దాన్ని నడుపుతూ ఉండడం. అది చాలాసార్లు ఇన్సూరెన్స్ వాళ్ల షరతు అని తెలుసు. వాళ్లతో మాట్లాడితే, అనుభవమున్న కెప్టెన్ పక్కన ఇన్ని గంటలు ఎగిరితే చాలని ఒప్పుకునే సందర్భాలు చాలా ఉంటాయి. అడిగేవాళ్లే తక్కువ. గంటల అంకె మాత్రమే మనిషి గురించి ఏం చెబుతుంది? 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర కూలిన కోల్గన్ ఎయిర్ 3407 విమానం ప్రమాదంలో 50 మంది చనిపోయారు. ఆ తర్వాతే అమెరికాలో ఎయిర్‌లైన్ ఫస్ట్ ఆఫీసర్‌కి 1,500 గంటల నిబంధన వచ్చింది. కానీ ఆ విమానంలో కెప్టెన్‌కి 3,300 గంటలకు పైగా, ఫస్ట్ ఆఫీసర్‌కి 2,200 గంటలకు పైగా అనుభవం ఉంది. కెప్టెన్ అంతకుముందు కొన్ని పరీక్షల్లో తప్పాడు, వాటిలో కొన్ని చేరేటప్పుడు కంపెనీకి తెలియలేదు. ఫస్ట్ ఆఫీసర్ ఇల్లు దేశానికి అటు చివర, సియాటిల్ దగ్గర. ముందు రోజు రాత్రంతా విమానాలు మారుతూ డ్యూటీకి వచ్చింది. ఆమె జీతం ఎంత తక్కువో విచారణలో బయటపడినప్పుడు దేశమంతా విస్తుపోయింది.

మన రంగంలో 2015 నవంబర్ 10న ఒహాయోలోని ఆక్రన్‌లో జరిగింది ఇంకా సూటిగా తగులుతుంది. చార్టర్ మీద వెళ్తున్న హాకర్ 700 దిగుతూ స్టాల్ అయి, అంటే రెక్కలకు పైకి నిలిపే శక్తి పోయి, కూలింది. తొమ్మిది మంది పోయారు. ఇద్దరు పైలట్లనూ అంతకుముందు ఉద్యోగాల నుంచి తీసేశారని, శిక్షణ విషయంలో ఇద్దరికీ సమస్యలున్నాయని తర్వాత తేలింది. నియామకంలో లోపాన్ని ఎన్‌టీఎస్‌బీ తోడైన కారణాల్లో ఒకటిగా రాసింది. నియామకమే ఒక ప్రమాద కారణమైంది. "రేపటికి ఒక మనిషి కావాలి, ఎవరైనా ఉన్నారా?" అని ఫోన్ చేసి పైలట్‌ని వెతికే ప్రతి యజమాని ఈ వాక్యం చదవాలి. మనిషిని తీసుకునే ముందు సిమ్యులేటర్‌లో ఒక పూట కూర్చోబెట్టండి. ఇంజిన్ ఆపితే చేతులు ఏం చేస్తాయన్నది ఎలాగూ తెలుస్తుంది. కాస్త ఒత్తిడి పెట్టి, తొందర పెట్టి, "దిగిపోదాం కెప్టెన్, బాస్ ఎదురుచూస్తున్నారు" అని పక్క సీటు నుంచి అనిపించండి. ఏమంటాడో వినండి. 'వద్దు' అన్నవాణ్ని తీసుకోండి.

మా రికార్డులు చూడడానికి మీకు మార్గం ఉంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2021లో పైలట్ రికార్డ్స్ డేటాబేస్ నిబంధన తెచ్చింది. పైలట్ ఏ పరీక్షలో తప్పాడో, ఎక్కడ ఎందుకు తీసేశారో అందులో ఉంటుంది. కొన్ని కార్పొరేట్ సంస్థలు కూడా దానికి వివరాలు ఇవ్వాల్సిందే. అది మంచిదే, నేను పూర్తిగా సమర్థిస్తాను. మరి మీ రికార్డు మాకెక్కడ దొరుకుతుంది? గత మూడేళ్లలో మీ ఎడమ సీట్లో, అంటే కెప్టెన్ సీట్లో, ఎంతమంది మారారు? ఎన్నిసార్లు సెలవు రోజున పిలిచారు? కెప్టెన్ ఆపిన ప్రయాణాలెన్ని, ఆపాక ఆ కెప్టెన్ ఏమయ్యాడు? వచ్చే ఇంటర్వ్యూలో ఇవి మీ అంతట మీరే చెప్పండి. అడిగితే చెప్పడం వేరు, అడగకముందే చెప్పడం వేరు. పైలట్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. మంచి ఫ్లైట్ డిపార్ట్‌మెంట్ పేరు ప్రకటన లేకుండానే పాకిపోతుంది.

ఖర్చవుతుందని అంటారు. అవుతుంది. నెలకి ఇన్ని రోజులు ఖాయంగా సెలవు ఇవ్వాలంటే ఒక విమానానికి ఇద్దరు పైలట్లు సరిపోరు, మూడో మనిషి కావాలి. ఉన్న ఇద్దరికీ సెలవు, మళ్లీ మళ్లీ తీసుకోవాల్సిన సిమ్యులేటర్ శిక్షణ, జ్వరం, పెళ్లి ఇవన్నీ ఉంటాయని ముందే ఒప్పుకోవడమే ఆ మూడో మనిషి. ఆ ఖర్చుకు సిద్ధంగా లేని కంపెనీ సొంత విమానం పెట్టుకునే ముందు మరోసారి లెక్క వేసుకోవడం మేలు. చార్టర్ తీసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు.

మీరు ఈ నెలలో పైలట్ కోసం ప్రకటన ఇవ్వబోతుంటే జీతం ఎంత నుంచి ఎంత వరకో, బేస్ ఎక్కడో, ఖాయమైన సెలవులు ఎన్నో, బాండ్ షరతులేమిటో అందులోనే రాయండి. ఇప్పటికే పైలట్లు ఉంటే, వచ్చే ట్రిప్‌కి ముందు వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి, ప్రయాణం ఆపే అధికారం వాళ్లదేనని, ఆపినందుకు మీరు కారణం కూడా అడగరని చెప్పండి. ఆ మాట కాగితం మీద పెట్టి సంతకం చేసి, దాని నకలు ఒకటి మీ సెక్రటరీకి, ఒకటి ప్రయాణాలు బుక్ చేసేవాళ్లకు ఇవ్వండి. రాత్రి తొమ్మిదింటికి పైలట్‌కి ఫోన్ చేసేది వాళ్లే కదా.

ఇట్లు,
ఒక బిజినెస్ జెట్ కెప్టెన్